కూత ఆగిన తర్వాత

2 ఆగస్టు 2024, శుక్రవారం, కొడకండ్ల

నిన్న ఒక్కరోజే మన అమ్మాయిలిద్దరు ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఓడిపోయారు. మధ్యాహ్నం నిజామాబాద్ నిఖత్ జరీన్, రాత్రి పీవీ సింధు. సింధు మీద చైనా అమ్మాయి హీ బింగ్‌జియావో 21–19, 21–14తో గెలిచింది. మూడేళ్ల కింద, సరిగ్గా ఇదే ఆగస్టు 1న, టోక్యోలో సింధు ఈ అమ్మాయినే ఓడించి కాంస్యం తెచ్చింది. ఆటలో అట్లాంటివి మామూలే. బాధపడ్డాను గానీ నిద్ర పట్టింది.

నిఖత్ ముఖం మాత్రం పొద్దుటి నుంచీ కళ్ల ముందే ఉన్నది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. ఈసారి సీడింగ్ లేకపోవడంతో రెండో బౌట్‌కే టాప్ సీడ్ వూ యూ ఎదురైంది. 5–0తో ఓడింది. రింగ్ దిగి వచ్చి మైకుల ముందు ఏడ్చింది. బరువు పెరగకుండా ఉండాలని రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉన్నానని చెప్పింది. దేశానికి పతకం తేలేకపోయానని సారీ కూడా చెప్పింది. ఆకలితో, దాహంతో కొట్లాడిన పిల్ల మనకు సారీ చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? ఎట్లున్నవమ్మా అని ముందు మనమే అడగాలి కదా.

స్టాఫ్ రూంలో ఇదే ముచ్చట. "అంత పెద్ద బాక్సర్ అట్ల ఏడిస్తె ఎట్ల మేడం, అవతలోళ్లకు అలుసైపోదా" అన్నారు లెక్కల సార్. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. ఆటగాళ్ల గురించి అందరం అనుకునేదే ఆయనా అన్నారు. అదే రాత్రి ప్యారిస్‌లోనే సిమోన్ బైల్స్ జిమ్నాస్టిక్స్ ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచిందని నేను గుర్తు చేశాను. 2021లో టోక్యోలో టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నది ఈమే. గాలిలో మెలికలు తిరిగేటప్పుడు తన ఒళ్లు ఎటు ఉన్నదో తనకే తెలియని స్థితి వచ్చింది. తల కిందుగా పడితే మెడ విరిగే ఆట. నా వల్ల కాదు, మనసు కుదురుగా లేదు అని ప్రపంచం ముందు చెప్పింది. అప్పుడు ఆమెను పిరికిది అన్నవాళ్లకు లెక్కలేదు. మొన్న 30వ తారీఖు టీమ్ స్వర్ణం గెలిచిన రోజు కూడా పొద్దున్నే తన థెరపిస్టుతో మాట్లాడాకే ఆడటానికి వెళ్లిందట. వార్మప్ ఎంత ముఖ్యమో ఆ మాటలూ ఆమెకు అంతే ముఖ్యం.

లెక్కల సార్ ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నారని కూడా నేను అనుకోవడం లేదు.

6 ఆగస్టు, మంగళవారం

మా బడి కబడ్డీ జట్టులో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉన్నది. రైడర్. పేరు ఇక్కడ కూడా రాయను. ఇయ్యాల పొద్దున ప్రాక్టీసులో గమనించాను. బాల్క్ లైన్ దాటి లోపలికి పోతున్నది, చెయ్యి చాపుతున్నది, కానీ వెనక్కి మళ్లేటప్పుడు ప్రతిసారీ ఎడమ కాలి మీదే తిరుగుతున్నది. కుడివైపు కార్నర్ ఖాళీగా ఉన్నా అటు పోవడం లేదు. ముగ్గు పిండితో గీసిన గీత మీద ఆమె ఎడమ మడమ తిరిగిన చోట మట్టి గుంట పడింది. కుడి కాలి జాడే లేదు.

పక్కకు పిలిచి అడిగితే "ఏం లేదు మేడం, మంచిగనే ఉన్నది" అన్నది. మోకాలి మీద చెయ్యి పెడితే వేడిగా ఉన్నది, వాపు చేతికి తగిలింది. పోయిన వారం పత్తి చేనులో కలుపుకు పోయినప్పుడు ఒడ్డు మీద కాలు జారిందట. అప్పటి నుంచి అదే కాలితో రోజూ ఆడుతున్నది.

"మరి చెప్పొద్దా?"

"చెప్తె టీంలకెల్లి తీసేస్తరు కదా మేడం."

నిరుడు వేరే ఊళ్లో ఆడినప్పుడు, కాలు బెణికిందన్న పిల్ల పేరు మరునాటి లిస్టులో లేకపోవడం ఈ పిల్ల చూసింది. ఎవరూ ఏమీ అనలేదు, తిట్టలేదు. పేరు లేదు, అంతే. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ పాఠం చాలు. నోరు విప్పితే నష్టమని కళ్లతో చూసి నేర్చుకున్నాక, ధైర్యంగా ఉండు, మనసులో మాట చెప్పు అని మేం ఎన్ని ఉపన్యాసాలిస్తే ఏం లాభం? మోకాలి లిగమెంట్ దెబ్బలు మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఎక్కువగా అవుతాయి. ఎగిరి దిగేచోట, ఉరికి ఒక్కసారిగా మళ్లేచోట అవుతాయి. కబడ్డీ అంతా అదే.

సాయంత్రం తొర్రూరు తీసుకెళ్లి ఎముకల డాక్టర్‌కు చూపించాను. తెగలేదు, సాగింది అన్నారు. మూడు వారాలు రైడ్‌కు పోవద్దన్నారు. బస్సులో వస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు అడిగింది, "నా జాగల ఎవరిని పెడుతున్నరు మేడం?"

"ఎవ్వరినీ పెట్టను. నీ జాగ నీదే" అన్నాను.

ఆదివారం ప్యారిస్‌లో స్పెయిన్ బ్యాడ్మింటన్ అమ్మాయి కరోలినా మారిన్ పడిపోయిన దృశ్యం మళ్లీ గుర్తొచ్చింది. సెమీస్‌లో మొదటి గేమ్ గెలిచి, రెండోదాంట్లో కూడా ముందున్నది. 2019లో కుడి మోకాలు, 2021లో ఎడమ మోకాలు పోయినా తిరిగి లేచి వచ్చిన మనిషి. ఈసారి మళ్లీ కుడి మోకాలే. కట్టు కట్టుకుని వచ్చి ఆడబోయి, కోర్టు మీదనే కూలబడి ఏడ్చింది. అవతల ఉన్నది ఎవరు? సింధును ఓడించిన ఆ హీ బింగ్‌జియావోనే. నిన్న రజతం అందుకునేటప్పుడు ఆమె చేతిలో స్పెయిన్ బ్యాడ్జీ పట్టుకుని నిలబడింది. 2016లో రియో ఫైనల్లో ఇదే మారిన్ చేతిలో ఓడిన సింధు, నేల మీద పడి ఏడుస్తున్న ఆమెను లేపి కౌగిలించుకున్నది, కింద పడ్డ ఆమె రాకెట్‌ను తనే తీసి పక్కన పెట్టింది. ఆడేవాళ్లకు ఒకరి బాధ ఒకరికి తెలుసు. చూసే మనకే, ఏడ్చినవాళ్లు ఓడినట్టు కనబడుతుంది.

8 ఆగస్టు, గురువారం

వినేశ్ ఫోగట్ కుస్తీ మానేసింది. 100 గ్రాములు ఎక్కువున్నదని నిన్న పొద్దున ఫైనల్ నుంచి తీసేశారు. ఇయ్యాల తెల్లవారేసరికి ఆమె నిర్ణయం వచ్చింది. ఇంకా రాయబుద్ధి కావడం లేదు.

16 ఆగస్టు, శుక్రవారం

నిన్న జెండా పండుగ ఆటల్లో మా మగపిల్లలు పక్క ఊరి మీద ఒక్క పాయింటుతో ఓడారు. ఆఖరి డూ ఆర్ డై రైడ్‌కు పోయిన పిల్లగాడు గీత అందుకోలేకపోయాడు. మట్టిలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. సొంత జట్టువాళ్లే, "ఆడపిల్ల లెక్క ఏడుస్తున్నవేందిరా" అన్నారు. పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషి కూడా నవ్వాడు.

ఇయ్యాల వాళ్లందరినీ చెట్టు కింద కూర్చోబెట్టి ఫోన్‌లో ఒక వీడియో చూపించాను. 2021 జనవరి 7, సిడ్నీ టెస్టు మొదటి రోజు. జాతీయ గీతం వస్తుంటే మహమ్మద్ సిరాజ్ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. హైదరాబాద్‌లో ఆటో నడిపి ఇతన్ని పెంచిన తండ్రి, అంతకు ముందు నవంబర్ 20న పోయాడు. సిరాజ్ అప్పటికే ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్తానంటే పంపిస్తామని బోర్డు చెప్పింది. అక్కడే ఉండి ఆడాలని అతను నిర్ణయించుకున్నాడు. తండ్రి చివరి చూపు దక్కలేదు. గీతం అయ్యాక పక్కనున్న బుమ్రా అతని భుజం తట్టాడు.

పిల్లలు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత జరిగిందే నాకు అసలు ముఖ్యం, అదే చెప్పాను. ఆ టెస్టులోనే నాలుగో రోజు, జనవరి 10న, బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే స్టాండ్‌లోంచి కొందరు సిరాజ్‌ను నోటికొచ్చినట్టు అన్నారు. అతను మింగి ఊరుకోలేదు. నడుచుకుంటూ అంపైర్ దగ్గరికి పోయి చెప్పాడు. ఆట ఆగింది. ఆరుగురిని బయటికి పంపాక మొదలైంది. తర్వాతి టెస్టు బ్రిస్బేన్‌లో, రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. హైదరాబాద్‌లో దిగి విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి పోయాడు.

అందరి ముందు ఏడవగలిగిన వాడే, అందరి ముందు నన్ను ఇట్ల అంటున్నారని చెప్పగలిగాడు. నాకు ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు. చిన్నప్పటి నుంచి కన్నీళ్లు మింగడం నేర్పిన పిల్లలకు అవమానం కూడా మింగడం వస్తుంది. ఇంకా ఘోరమైనవీ మింగుతారు. ఎవరన్నా తప్పుగా తాకినా, తిట్టినా, ఆకలితో మాడ్చినా నోరు తెరవరు. ఆడపిల్లలకు ఆటలు నేర్పే మనిషిగా నాకు రోజూ ఉండే భయం అదే.

నిన్న నవ్విన పిల్లల్లో ఒకడు, ఓడిన పిల్లగాడి పక్కకు జరిగి కూర్చున్నాడు. అంతకు మించి నేనేమీ ఆశించలేదు.

25 ఆగస్టు, ఆదివారం

రైడర్ పిల్ల ఇంటికి పోయాను. ఆమె అమ్మానాయిన భీవండిలో ఉంటారు. అక్కడ పవర్‌లూమ్‌లో పని. కొడకండ్లలో ఇట్లాంటి ఇండ్లు చాలా. ఇక్కడ మగ్గాల మీద బతుకు గడవక షోలాపూర్, సూరత్, భీవండి పోయిన పద్మశాలి కుటుంబాలు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరుగుతారు. నేను వెళ్లేసరికి నాయినమ్మ గడప దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నది.

"రా టీచరమ్మ, కూసో" అని పీట వేసింది. పిల్ల గురించి అడిగితే, "గట్టి పిల్ల బిడ్డా. ఇంతవరకు నా ముంగట కండ్ల నీళ్లు పెట్టలె" అన్నది మురిపెంగా. పిల్ల తల వంచుకుని నిలబడింది.

అప్పుడే భీవండి నుంచి ఫోన్ వచ్చింది, నాకు ఇచ్చారు. మోకాలి సంగతి తండ్రికి అసలు తెలియదు. నేను చెప్తే కాసేపు మాట రాలేదు. వెనక మగ్గాల చప్పుడు మాత్రం వినిపిస్తున్నది.

"మొన్న గూడ ఫోన్ల మంచిగున్న అన్నది మేడం. నేను ఎప్పుడడిగినా మంచిగున్న అంటది." మళ్లీ ఆగి, "నేను గూడ అట్లనే అంట మేడం. పోయిన నెల నాకు టైఫాయిడ్ అయింది. ఇంట్ల చెప్పలె" అన్నాడు.

ఫోన్ ఆ పిల్లకు ఇచ్చి నేను బయటికి వచ్చాను. వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు అక్కర్లేదు.

ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉన్నందుకే వాళ్లు దాచుకున్నారు. దూరాన ఉన్న మనిషిని కష్టపెట్టొద్దని. అందుకే దీన్ని పిరికితనమో బింకమో అని కొట్టిపారేయలేను. కానీ పిల్ల మోకాలికి ఆ ప్రేమ తెలియదు కదా, అది వాస్తూనే ఉంటుంది.

29 ఆగస్టు, గురువారం

జాతీయ క్రీడా దినోత్సవం, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. ప్రార్థనలో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. మాట్లాడాను. చెప్పాలనుకున్నది సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తాను.

కబడ్డీలో కూత మొత్తం దాచిపెట్టే విద్య. 30 సెకన్లు రైడర్ కూత ఆపకూడదు. ఊపిరి అయిపోతున్నా గొంతులో తెలియనియ్యకూడదు. గొంతు ఒక్క పిసరు సన్నబడితే చాలు, అవతలి చైన్ పసిగడుతుంది. కవర్ నుంచి ఒకడు నడుముకు, కార్నర్ నుంచి ఒకడు చీలమండకు దూకుతాడు. అందుకే పిల్లలకు మేమే నేర్పుతాం, అలసట కనబడనియ్యకు, ఎటు పోతున్నవో కండ్లల్ల తెలియనియ్యకు అని. బాక్సింగ్‌లోనూ ఇంతే, బ్యాడ్మింటన్‌లోనూ ఇంతే. గీతల లోపల ఇది సరైన విద్య.

ఆట అయిపోయినా ఆ అలవాటు పోదు. రోజుకు రెండు గంటలు దాచడం నేర్చుకున్న పిల్ల ఇంట్లో కూడా దాస్తుంది, డాక్టర్ దగ్గర దాస్తుంది, నా దగ్గర దాస్తుంది. నెలసరి నొప్పిని దాస్తుంది. గీత బయటికి వచ్చాక కూత ఆపొచ్చని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పినా ఒక్కనాడు రాదు, దీనికీ ప్రాక్టీసు కావాలి. అందుకే ఈ నెల నుంచి రోజూ వార్మప్ ముందు గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడుగుతున్నాను, ఒళ్లు ఎట్లున్నది, మనసు ఎట్లున్నది. మొదట్లో అందరిదీ ఒకటే జవాబు: మంచిగున్నది మేడం. మగపిల్లలైతే నా మాట పూర్తి కాకముందే అనేవాళ్లు. ఇప్పుడిప్పుడే ఒకరిద్దరు వేరే మాట అంటున్నారు. నిన్న ఒకడు "నిద్ర పట్టలె మేడం, ఇంట్ల లొల్లి" అన్నాడు. వాణ్ని ఆ రోజు పట్టుల ప్రాక్టీసుకు దింపలేదు, పాయింట్లు రాసే పని ఇచ్చాను. లేకుంటే ఆ ధ్యాస లేని ఒంటితో ఎవరి మీదనో పడి దెబ్బ తగిలించుకునేవాడు.

నా వల్ల విప్పడం కాని సంగతులు కూడా వస్తాయి. మనసు బాధలకు సాయం చేసే టెలి మానస్ నంబర్ 14416, 2022 అక్టోబర్ నుంచి ఉన్నది, ఫోన్ చేస్తే పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆటల సామాను గది తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. లోపలి వైపే ఎందుకంటే, రాసుకునేటప్పుడు ఎవరూ చూడకూడదు.

2 సెప్టెంబర్, సోమవారం

మొన్నటి నుంచి ఎడతెరపి లేని వాన. బడులకు సెలవిచ్చారు. మహబూబాబాద్ దిక్కు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడుతున్న ఫొటోలు వచ్చాయి. ఖమ్మంలో మున్నేరు ఇండ్లల్లోకి వచ్చింది. మా మైదానం చెరువైంది. పిల్లలందరి ఇండ్లకూ ఫోన్ చేశాను, అందరూ క్షేమం.

4 సెప్టెంబర్, బుధవారం

రాత్రి జీవాంజి దీప్తి పరుగు చూశాను. కరెంటు వస్తూ పోతూ ఉన్నా ఫోన్ ఆగలేదు. ప్యారిస్ పారాలింపిక్స్, మహిళల 400 మీటర్లు, టీ20 విభాగం. ఉక్రెయిన్ యూలియా షులియార్ 55.16, టర్కీ ఐసెల్ ఓండర్ 55.23, మన దీప్తి 55.82. కాంస్యం. మేధోపరమైన వైకల్యం ఉన్న మన దేశపు క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి మనిషి.

మే నెలలో కోబేలో 55.07తో ప్రపంచ రికార్డు ఈమెదే. మొన్న హీట్స్‌లో ఓండర్ 54.96తో దాన్ని దాటేసింది. తన రికార్డు పోయిన మరునాడే ఫైనల్‌కు దిగి పతకంతో వచ్చింది. ఇరవై ఏళ్లు.

దీప్తిది ఉమ్మడి వరంగల్ జిల్లానే, పర్వతగిరి మండలం కల్లెడ. గ్రహణం నాడు పుట్టిందని, ముఖం అట్ల ఉన్నదని, మాటలు ఆలస్యమని ఆ పిల్లను పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వెయ్యమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. కూలి చేసుకునే ఇల్లు, ఉన్న భూమి కూడా అమ్ముకోవలసి వచ్చింది. పిల్లలు వెక్కిరిస్తే దీప్తి ఇంటికి వచ్చి ఏడ్చేదట. తల్లి ధనలక్ష్మి అప్పుడు తీపి అన్నం వండేది, ఒక్కోనాడు కోడికూర. బిడ్డ అది తిని సంబురపడేది. కోబే తర్వాత ఆ తల్లి పత్రికలవాళ్లకు చెప్పిన సంగతి ఇది. చదివినప్పటి నుంచి నా మనసులో ఉన్నది.

ఏడవకు అని అనలేదు ఆ తల్లి. వాళ్లతో కొట్లాడు అనలేదు. నువ్వు గట్టిగుండాలె అని నీతి చెప్పలేదు. కూలి డబ్బులు వచ్చే ఇంట్లో బెల్లం, బియ్యం తీసి పొయ్యి మీద పెట్టింది. ఏడ్చుకుంటూ వచ్చినా తలుపు తీసి ఉంటుందని ఆ పిల్లకు నమ్మకం కలిగింది. అందుకే వస్తూనే ఉండగలిగింది.

ఈ ఒక్కదానితో పతకం రాదు, అది నాకు తెలుసు. ఊరి బడిలో పరుగు గమనించిన పీఈటీ ఉన్నారు, హైదరాబాద్ తీసుకెళ్లి తీర్చిదిద్దిన కోచ్ నాగపురి రమేశ్ ఉన్నారు, గోపీచంద్ వాళ్ల ఫౌండేషన్ సాయం ఉన్నది, ఏండ్ల తరబడి చెమట ఉన్నది. హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల స్వర్ణం తర్వాత వచ్చిన డబ్బుతో అమ్ముకున్న భూమిని మళ్లీ కొన్నారు. కానీ ఇవన్నీ రావడానికి ముందు, ఎవరూ లెక్క చేయని ఆ కాలంలో, ఆ పిల్ల లోపల విరిగిపోకుండా ఉండాలి కదా. దానికి కావలసింది ఆ వంటింట్లో దొరికింది.

ఇయ్యాల కల్లెడలో పటాకులు కాల్చుతున్నారు. మంచిదే. పతకం వచ్చాక మనందరం ప్రేమగానే ఉంటాం.

9 సెప్టెంబర్, సోమవారం

ప్రభుత్వం దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్–2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. ఇవన్నీ ఆమెకు న్యాయంగా దక్కాల్సినవే. వినాయకుని మండపం దగ్గర లెక్కల సార్ కలిసి ఆ సంగతే మాట్లాడారు. పోయేముందు, "మా చిన్నోడు హాస్టల్ల ఉంటె మనసున పట్టలేదంటున్నడు మేడం. మొన్నటిదాక ఊకోరా అన్న. నిన్న పోయి కలిసొచ్చిన" అన్నారు. ఆయనే ఎత్తకపోతే నేను అడిగేదాన్ని కాదు.

18 సెప్టెంబర్, బుధవారం

రేపు జనగామలో జిల్లా సెలక్షన్లు. రైడర్ పిల్లకు డాక్టర్ పోయిన వారమే ఆడొచ్చన్నారు. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక అందరూ పోయేదాక ఆగి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, రైడ్‌కు పోవాల్నంటె భయమైతున్నది."

ఈ పిల్ల నోటి నుంచి ఆ మాట వినడం ఇదే మొదలు. ఎప్పుడు భయమైతుందో అడిగాను. లోపలికి పోయేటప్పుడు కాదట, కుడి దిక్కు మళ్లేటప్పుడట. డాక్టర్ నయమైందన్నా కాలు ఇంకా నమ్మడం లేదు. మాట దాచి ఉంటే రేపు ఎడమ వైపే మళ్లేది, జిల్లా సెలెక్టర్ల ముందు అదొక్కటే కనబడేది, లేదా మళ్లీ పడేది.

"మరేం చేద్దాం?"

"లెఫ్ట్ కార్నర్ల ఆడత. చీలమండ పట్టు నాకొస్తది. కాలు మంచిగయినంక రైడ్ చేస్త."

వస్తుంది, నిజమే. రెండేళ్లుగా రైడర్‌గానే చూశాను కాబట్టి నాకు తట్టలేదు. రైడ్‌కు ఎనిమిదో తరగతి పిల్లను పంపుదాం అనుకున్నాం. ఆ పిల్లను పిలిచి చెప్తే ఎగిరి గంతేసింది, వెంటనే మళ్లీ ఆగి, తన కుడి పాదం కూడా రెండు రోజులుగా నొస్తున్నదని చెప్పింది. షూ విప్పించి చూశాను. బొబ్బ పగిలింది, అంతే. దూది, టేపు వేసి పంపించాను.

పొద్దున ఆరున్నరకు బస్టాండు. మోకాలి క్యాపులు రెండు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ప్యాడ్లు, టేపు, అందరి ఆధార్ జిరాక్సులు. భీవండికి ఫోన్ చేసి, మీ బిడ్డ రేపు కార్నర్‌లో ఆడుతున్నదని నేను చెప్పబోతే, "తెలుసు మేడం, చెప్పింది" అన్నాడు వాళ్ల నాయిన.